కత్తెర డాక్టరు

వేలు తెగిందని వచ్చిన సాయవ్వను కొత్త డాక్టరు నిద్ర గురించి అడిగాడు.

"బీడీ ఆకు కత్తిరిస్తుంటే తెగింది సారూ. నిద్ర ముచ్చట ఎందుకు?"

"రెండు నెలల్ల ఇది మూడో కట్టు. పొద్దంత మత్తుగ ఉంటున్నదా అవ్వా?"

సాయవ్వ కొంగుముడి విప్పి ఒక చీటీ తీసింది. నిద్ర గోలీలది. మూడేళ్ల కిందటిది. మడతల దగ్గర చిరిగిపోయింది. కోరుట్లలో ఆమె ఆ చీటీ చూపించని మందుల షాపు లేదు.

డాక్టరు దాన్ని తన దగ్గరే ఉంచేసుకుని కొత్తది రాశాడు. వారానికి సరిపడా మాత్రమే. లెక్క కూడా దిద్దడానికి వీల్లేకుండా అంకెల్లో కాదు, అక్షరాల్లో.

"ఒక్కసారే బంద్ చేస్తే పానం ఆగమైతది. నీ కత్తెరతోనే గోలీ సగం చేసి మింగు. వారం వారం ఖాళీ అట్ట తెచ్చి నాకు చూపియ్యాలె."

సాయవ్వకు ఒళ్లు మండింది.

"కంటినిండ పండేటోనివి. నిద్ర రానోళ్ల గోస నీకేం ఎర్క సారూ?"

డాక్టరు నవ్వి కొత్త చీటీ ఆమె చేతిలో పెట్టాడు.

బీడీలు చుట్టేచోట ఆ రోజే ఆయనకు పేరు పెట్టేసింది, కత్తెర డాక్టరని. ఆడవాళ్లంతా పడీ పడీ నవ్వారు.

అయినా వారం వారం వెళ్లింది. వెళ్లక ఏం చేస్తుంది, పాత చీటీ ఆయన దగ్గరే ఉందాయె! తిట్టుకుంటూనే గోలీని సగం చేసింది. కొన్ని నెలలకు సగం పావైంది. తర్వాత ఆ పావూ అక్కర్లేకపోయింది.

గోలీ లేకుండా నెల గడిచింది. నిద్ర దానంతట అదే వస్తోంది. వేళ్లకు ఒక్క కట్టూ లేదు.

సాయవ్వ ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుంది. తోటివాళ్లందరికీ పది వేళ్లూ చూపించి, తలెత్తుకుని దవాఖానకు నడిచింది.

"సారేడి బిడ్డా? నా చేతులు చూపియ్యాలె."

నర్సు దీవెన ముఖం చిన్నబోయింది.

"మొన్ననే బదిలీ మీద పోయిండవ్వా. నువ్వొస్తే ఇయ్యుమని ఇది ఇచ్చిండు."

కాగితం పొట్లంలో చిన్న కత్తెర. పాతది. కాగితం మీద ఏదో రాసి ఉంది.

"జర చదువు బిడ్డా."

దీవెన చదివింది.

"నెల నుంచి చీటీకి రాలేదంటే గెలిచినవన్నట్టే అవ్వా. నాకైతే రెండేళ్లు పట్టింది. నా నిద్ర గోలీలు సగం చేసుకున్న కత్తెర ఇదే."