నిమ్మకాయల గెంతు

కార్లన్నీ తాము నడిచే రోడ్డును బట్టి చక్రాలనూ సస్పెన్షన్‌నూ సొంతంగా సర్దుకోవడం మొదలుపెట్టాక, నా అలైన్‌మెంట్ షెడ్డుకు అన్నీ ఒకటే రోగంతో వస్తున్నాయి. ఇవాళ్టి కారు కూడా కదిలిన ప్రతిసారీ కప్పలా గెంతుతోంది.

"పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించారా?" అని ఓనరు సుభద్రమ్మను అడిగాను.

"తొక్కించకుండా ఎట్లా ఉంటాం బాబూ?"

నాకు ఒళ్ళు మండింది. "మొదటిసారి కదిలినప్పుడు ఏం తగిలితే అదే నేర్చుకుంటుందమ్మా! లోకంలో ప్రతి రోడ్డూ నిమ్మకాయలతోనే మొదలవుతుందనుకుంటోంది. షోరూంవాళ్ళు చెప్పలేదా?"

"చెప్పారులే. దిష్టి తగిలితే వాళ్ళొస్తారా? సిగ్నల్ దగ్గర గెంతినప్పుడల్లా మా కోడలు కడుపు పట్టుకుని ఏడుస్తోంది. ఏడో నెల. కొత్త కారు ఇంట్లో పెట్టుకుని ఆస్పత్రికి ఆటోలో తిప్పుతున్నాం."

తల పట్టుకున్నాను. మధ్యాహ్నం దాకా కూర్చుని, అది నేర్చుకున్నదంతా చెరిపేసి, చక్రాలు సరిచేసి బయటికి తీశాను.

"ఇక ఇది షోరూంలోంచి ఇప్పుడే దిగినట్టు. నున్నటి రోడ్డు మీద మెల్లగా పోనివ్వండి."

ఆమె మొహం వెలిగిపోయింది.

"అంటే మళ్ళీ కొత్త కారేగా!" అంటూ సంచీలోంచి నాలుగు నిమ్మకాయలు తీసింది.