ఈగలకు ఏసీ

“అంటే ఈగలకు ఏసీ, నాకు వరండా. అంతేనా పవిత్రా?”

నాగలక్ష్మమ్మ చేతిసంచి ఇంకా కింద పెట్టలేదు. వేంపల్లెలో పొద్దున ఎక్కిన బస్సు కర్నూలులో దింపేసరికి నడినెత్తిన ఎండ మండిపోతోంది. కొడుకింట్లో చల్లని గది ఒకటుందని దారి పొడుగునా తలుచుకుంటూ వచ్చింది. తీరా తలుపు తీస్తే మంచం నిండా గాజుగొట్టాలు, వాటిలో నువ్వుగింజంత ఈగలు.

“వరండా ఎందుకత్తా, నువ్వూ ఈ గదిలోనే పండుకో. మంచం మాత్రం వాటికి ఇడ్సు,” అంది కోడలు.

“మంచం వాటికి, నేల నాకు! రేయ్ ధనుంజయా, నీ పెండ్లాం డాక్టరంటివి గదరా!”

ధనుంజయ పేపరు ఇంకాస్త పైకెత్తుకున్నాడు. తల్లికీ పెళ్ళానికీ మాట వచ్చినప్పుడల్లా అతనికి లోకవార్తల మీద శ్రద్ధ పెరుగుతుంది.

“డాక్టరేనమ్మా. మందులిచ్చే డాక్టరు కాదు. జబ్బులు తల్లిదండ్రుల నుంచి పిల్లలకు ఎట్లొస్తాయో చూసే డాక్టరు,” అన్నాడు పేపరు వెనకనుంచే.

పవిత్ర ఐసు పలక మీద మత్తుగా పడున్న ఈగల్ని భూతద్దంలో చూస్తూ, సన్నని బ్రష్షుతో గొట్టాల్లోకి దించుతోంది. ల్యాబులో ఏసీ కాలిపోయింది. ఈ ఎండకు ఈగలు చావకపోయినా గొడ్డుపోతాయి. మూడేళ్ళు సాకిన జాతి. వచ్చే నెల ఫలితం చూపించకపోతే ప్రాజెక్టు ఎత్తేస్తారు. అందుకే వాటిని ఇంటికి మోసుకొచ్చింది.

“ఏం చేస్తాండావుమే?”

“జత కలుపుతాండా అత్తా. కొందరు పిల్లకాయలకు కండరాల బలం తగ్గిపోయి నడవల్యాక పడిపోతారు గదా, అట్లాంటి జబ్బే ఈ తెల్లకండ్ల ఈగలకు ఉండాది. ఎర్రకండ్లవాటిలో దాన్ని అణిచే గుణమేదో ఉందని నా అనుమానం. రెండిటికీ పుట్టినవి బాగా ఎగిరితే నా మాట నిజమైనట్టు. అందుకే గొట్టానికి ఒక ఎర్రకండ్లది, ఒక తెల్లకండ్లది.”

“మనుషులకూ ఈగలకూ పోలికేంది?”

“శానా ఉండాదత్తా.”

“మీ మామకైతే ఉండాదిలే. బెల్లం కనపడితే యాడున్నా వాలతాడు.”

అంతలో ఫోను మోగింది. ఏసీ మెకానిక్ ఖాసిం వలి ల్యాబు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఇప్పుడు పోకపోతే మళ్ళీ వారానికి గాని దొరకడు. పవిత్ర చెప్పుల్లో కాళ్ళు పెడుతూనే అప్పగింతలు పెట్టింది.

“ఏసీ ఆపొద్దత్తా. దోమల మందు కొట్టొద్దు. తలుపు తెరిచి పెట్టొద్దు. నీకు దండం పెడతా.”

“పో తల్లీ పో. నలుగురు బిడ్డల్ని సాకినదాన్ని, నాలుగు ఈగల్ని సాకలేనా?”

ఖాసిం వలి ఏసీ విప్పాడు, నిట్టూర్చాడు, టీ తాగాడు, మళ్ళీ విప్పాడు. అతను నిట్టూర్చినప్పుడల్లా పవిత్ర మనసు ఇంట్లో మంచం చుట్టూ తిరిగొచ్చింది.

సాయంత్రం ఇంటి గుమ్మంలో అడుగు పెడుతుండగానే సాంబ్రాణి వాసన గుప్పుమంది. పొగకు ఒక్క ఈగా మిగలదు! పరుగున పోయి చూస్తే పొగ వంటింట్లో దేవుడి గూడు దగ్గర. చల్లని గది తలుపు బిగించి ఉంది. పొగ దూరకుండా తలుపు కింద సందులో తడి తువ్వాలు కూడా కుక్కి ఉంది.

లోపల నాగలక్ష్మమ్మ నేల మీద కూర్చుని నడుం పట్టుకుంటోంది. మంచం మీద గొట్టాలు వరుసగా ఉన్నాయి. ప్రతి గొట్టంలోనూ ఈగలు హాయిగా తిరుగుతున్నాయి. ఒక్కటీ చావలేదు.

పవిత్రకు కళ్ళు చెమర్చాయి. పెళ్ళయిన ఇన్నేళ్ళకు మొదటిసారి అత్తను వాటేసుకుంది.

“నా పానం నిలబెట్టినావత్తా. ఇంత బాగా చూసుకుంటావని అనుకోల్యా.”

“చూసుకునేదేంది, మధ్యాన్నం నుంచి నడుమెత్తితే ఒట్టు!” నాగలక్ష్మమ్మ భూతద్దం కోడలి చేతిలో పెట్టింది. “హడావుడిలో నువ్వు చూసుకోకుండా కలిపేసి పోతివి గాని, నేనే మళ్ళా అన్నిట్నీ ఐసు మీద పండబెట్టి, ఎర్రకండ్లోళ్ళను ఎర్రకండ్లోళ్ళకే, తెల్లకండ్లోళ్ళను తెల్లకండ్లోళ్ళకే ఇచ్చి సరిచేసినా. మనింట్లో కులం తప్పిన పెండ్లి జరిగిందంటే రేపు నలుగురిలో తలెత్తుకుంటామా?”