పన్నెండో నంబరు ఇంటి దోషం

పన్నెండో నంబరు ఇంట్లో దిగిన జంటలో ఒకరు మొదటి చలికాలం దాటరని ఆ కాలనీలో అందరికీ తెలుసు. అలికాంతే కొండవాలు మీద నలభై గడపల కాలనీ అది. ఉద్యోగాలు చాలించుకుని ఎండ కోసం స్పెయిన్ చేరిన ఇంగ్లీషు వాళ్లే అందరూ. ఆదివారం చర్చికి వెళ్లని వాళ్లు కూడా ఈ ఒక్క మాట మాత్రం నమ్ముతారు. ఆరేళ్లలో ముగ్గురు పోయారు: ట్రెవర్, నోరా, క్లైవ్. ముగ్గురూ డెబ్బై దాటినవాళ్లే. ముగ్గురికీ డాక్టరు గుండెజబ్బనే రాశాడు. అయినా, ఆ ఇల్లు కట్టించి పోయిన ముసలామె తన కుర్చీలో ఇంకొకరు కూర్చుంటే ఓర్వదన్న మాటే నిలిచిపోయింది.

"అందుకే ముందే చెబుతున్నాను, పెట్టెలు విప్పకండి," అంది పక్కింటి గ్లెనిస్, గుమ్మంలో నిలబడి.

కొత్తగా వచ్చిన ఆడ్రీ భర్త వైపు చూసింది. ముప్ఫై అయిదేళ్లు భూగోళం పాఠాలు చెప్పి వచ్చిన డెస్మండ్ కత్తెరతో మరో పెట్టె తాడు తెంపాడు.

"మీ ముసలామెకు కిటికీ పక్కన వేరే కుర్చీ వేయిస్తాను లెండి. నాది మాత్రం నాకు కావాలి."

"నవ్వండి. క్లైవ్ కూడా ఇలాగే నవ్వాడు."

"తిరిగి వెళ్దామన్నా ఇల్లెక్కడిది గ్లెనిస్?" అంది ఆడ్రీ నెమ్మదిగా. "అక్కడిది అమ్మేసే కదా ఇది కొన్నాం."

గ్లెనిస్ పదకొండేళ్లుగా ఆ కాలనీలోనే ఉంటోంది. కాలనీలో స్పానిష్ ధారాళంగా మాట్లాడేది ఆమె ఒక్కతే. పురపాలక కార్యాలయానికైనా, ఆసుపత్రికైనా కొత్తవాళ్ల వెంట వెళ్లి, అవతలివాళ్ల మాట ఇంగ్లీషు చేసి చెప్పేది ఆమే. ఎవరు దిగినా నారింజ మార్మలేడు సీసాతో, టీ పొడి డబ్బాతో మొదట తలుపు తట్టేదీ ఆమే. ఈ ఇంటికి మాత్రం వాటితో పాటు ఒక గుండ్రటి దిండు కూడా తెస్తుంది.

"సరే, ఉండేవాళ్లు వెచ్చగానైనా ఉండండి," అంటూ ఆమె వంటింట్లోకి నడిచింది. అక్కడ గ్యాస్ గీజరు కింద, నేలకు జానెడు ఎత్తులో, గోడకు ఒక కంత ఉంది. కొండ మీది చలిగాలి అందులోంచి తిన్నగా పాదాలకు తగులుతోంది. ఈ దేశపు తాపీ పనివాళ్లు గోడ కట్టి చివర కన్నం వదిలేస్తారని ఇంగ్లీషు వాళ్లందరికీ ఒకటే ఫిర్యాదు. గ్లెనిస్ మోకాళ్ల మీద కూర్చుని, నిమ్మకాయలు కుట్టిన ఆ దిండును పాలిథిన్ సంచిలో చుట్టి కంతలో బిగించింది. అది కొలత తీసి కుట్టినట్టు సరిపోయింది. చలి ఆగింది. అంతవరకూ వెటకారమాడిన డెస్మండ్ కూడా ఆమెకు కృతజ్ఞతలు చెప్పాడు.

డిసెంబరులో ఆడ్రీకి తలనొప్పులు మొదలయ్యాయి. వంటింట్లో ఉన్నంతసేపూ తల బరువెక్కి, కడుపులో తిప్పేది. గ్లెనిస్ ఇంటికి వచ్చి అరగంట కూర్చుంటే తేలికపడేది. తిరిగి వెళ్తే మళ్లీ మొదలు. ఇంతకంటే రుజువేం కావాలి? తన ఇంటి వెనక గదిలో వచ్చి ఉండమని గ్లెనిస్ రెండుసార్లు బతిమాలింది. నీళ్లు మారాయి, అంతేనన్నాడు డెస్మండ్.

జనవరిలో ఒక గురువారం సాయంత్రం ఆడ్రీ కాలనీ పాటల బృందంతో సాధన ముగించుకుని వచ్చేసరికి గుమ్మం కింద నుంచి వేడినీళ్లు మెట్ల మీదికి పారుతున్నాయి. స్నానాల తొట్టి నింపడానికి కుళాయి తిప్పి వచ్చిన డెస్మండ్, వంటింటి బల్ల దగ్గర తన కుర్చీలోనే కూర్చుని ఉన్నాడు. ముందు గళ్లనుడికట్టు సగం నిండి ఉంది. పోయినవాడి బుగ్గలు పసివాడి బుగ్గల్లా ఎర్రగా ఉన్నాయి. క్లైవ్ పోయినప్పుడు అతని బుగ్గలూ అలాగే ఉన్నాయని, ఆడ్రీ కేకకు పరుగెత్తుకొచ్చిన గ్లెనిస్‌కు గుర్తొచ్చింది. డాక్టరు మళ్లీ గుండెజబ్బనే రాశాడు. కాలనీలో ఎవరూ ఆశ్చర్యపోలేదు.

అంత్యక్రియలైన నాలుగో రోజు గ్లెనిస్ పన్నెండో నంబరుకు వెళ్లింది. ఆడ్రీ చెల్లెలి దగ్గరికి ప్రయాణమవుతోంది. ఇల్లు ఖాళీ చేసే ముందు తన దిండు తను తెచ్చుకుని, ఉతికి, వచ్చేవాళ్ల కోసం దాచడం గ్లెనిస్‌కు అలవాటు. ట్రెవర్ పోయినప్పుడూ అలాగే తెచ్చుకుంది, నోరా, క్లైవ్ పోయినప్పుడూ అంతే. కానీ ఈసారి ఆమె కంటే ముందే గ్యాస్ కంపెనీ మనిషి ఫెర్మీన్ వచ్చి ఉన్నాడు. కనెక్షను తీసేయమని ఆడ్రీ కబురు పెట్టిందట.

ముందు గదిలో ఆడ్రీ పెట్టెలకు తాళ్లు కడుతోంది. వంటింట్లో ఫెర్మీన్ గీజరు మీది మసిని వేలితో తీసి చూశాడు. తరువాత వంగి, కంతలోంచి దిండు బయటికి లాగాడు. చల్లగాలి లోపలికి దూసుకొచ్చింది.

"ఇది పెట్టిందెవరమ్మా?"

గ్లెనిస్ దిండు కోసం చెయ్యి చాచింది, అతను దాన్ని నేల మీద పెట్టాడు.

"మంటకు గాలి కావాలి. వచ్చే దారి ఇదొక్కటే," అన్నాడు అతను స్పానిష్‌లో, గొంతు పెంచకుండా. "దీన్ని మూస్తే మంట విషవాయువు కక్కుతుంది. రంగుండదు, వాసనుండదు. ముందు తలనొప్పి, తరవాత నిద్ర. బుగ్గలు ఎర్రబడ్డాయా ఆయనకు?"

ఆమె తలూపింది.

"ఈ ఇంటి సంగతి ఊళ్లో విన్నాను. ఇంతకుముందు పోయినవాళ్లకు కూడానా?"

గ్లెనిస్ నేల మీది దిండు వైపు చూసింది. నాలుగు చలికాలాల మసి పట్టినా, మూడుసార్లు ఉతికినా, నిమ్మకాయల పసుపు ఇంకా పోలేదు.

"ఆమెకు చెప్పండి," అన్నాడు ఫెర్మీన్. "తెలియాలి కదా."

"ఏమంటున్నాడు గ్లెనిస్?" ముందు గదిలోంచి ఆడ్రీ అడిగింది.

గ్లెనిస్ వంగి దిండు తీసి చంకలో పెట్టుకుంది.

"ఇంట్లో ఏ దోషమూ లేదట."