అరవై అయిదు పైన

"అందరికంటే పైన నిలబడడానికి ఒక ముసలాయన కావాలి," అంది సంధ్యారాణి టీచర్.

పొరుగు రాష్ట్రానికి వలసొచ్చిన నేతపనివాళ్లుండే పర్వత్ పాటియాలోని ఆ తెలుగు బడిలో తొమ్మిదో తరగతికి జనాభా పిరమిడ్ పాఠం నడుస్తోంది. పిల్లలనే పిరమిడ్‌గా నిలబెట్టింది: కింద వరుసలో పదిమంది, వెనక బెంచీ మీద నలుగురు. ఆ వెనక కుర్చీ ఖాళీ.

సరిగ్గా అప్పుడే, డెస్కు దగ్గర కూర్చున్న సుమనకు టిఫిన్ డబ్బా ఇవ్వడానికి ఒక మనిషి గుమ్మంలోకి వచ్చాడు. నెరిసిన తల, లోపలికి పోయిన దవడలు, వంగిన నడుము.

"తాతా, లోపలికి రా. ఈ కుర్చీ ఎక్కు."

"మేడమ్, ఆయన..." అంటూ సుమన లేవబోయింది. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

ఇద్దరు పిల్లలు పట్టుకుంటే గాని ఎక్కలేకపోయాడు. ఎక్కాక దగ్గు తెర ఆగలేదు. సంధ్యారాణికి ఒళ్లు మండింది. రాత్రింబవళ్లు మరమగ్గాలు మోగే ఈ సాంచాల గల్లీల్లోనే పుట్టి, చదువుకొని బయటపడింది తాను. నలభై మూడేళ్లొచ్చినా మూడంతస్తులు ఒక్క ఊపున ఎక్కుతుంది. వీళ్లకేం రోగం?

"జపాన్‌లో సగటు ఆయుర్దాయం ఎనభై నాలుగు. అక్కడ ఈ వయసువాళ్లు కొండలెక్కుతారు. ఇక్కడ కుర్చీ ఎక్కలేరు. ఎందుకు? బీడీలు, మందు, శుభ్రత లేకపోవడం. రాసుకోండి."

అందరూ రాసుకున్నారు, సుమన తప్ప.

"వయసెంత తాతా?"

"మీకెంత కనవడితే గంత రాయుండ్రి మేడమ్."

"అందాజుగా రాయడానికి ఇది సంత కాదు. అరవై అయిదా, డెబ్బయ్యా?"

"జర పోనియ్యుండ్రి."

"పుట్టిన ఏడు కూడా తెలీదు! చదువు లేకపోతే ఇదీ గతి," అని పిల్లల వైపు తిరిగి నవ్వింది. బోర్డు మీద పిరమిడ్ కొసన '65+' అని రాసింది.

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. సుమన డెస్కు మీద తల వాల్చేసింది.

అది చూసి ఆయన మెల్లగా కుర్చీ దిగాడు. డబ్బా సుమన ముందు పెట్టి, టీచర్ దగ్గరికొచ్చాడు.

"గామె నా మనుమరాలు గాదు మేడమ్. నా బిడ్డ."

"ఈ వయసులో తొమ్మిదో తరగతి బిడ్డా?" పెదవి విరిచింది సంధ్యారాణి. "యాభై దాటాక కన్నావా?"

పిల్లలకు వినపడకుండా ఆయన గొంతు తగ్గించాడు.

"గీ బడిలనే మనది ఒక్కటే క్లాసు, సంధ్యా."