ఉప్పు చేపల కేసు

డాబా మీద ఆరబెట్టిన ఉప్పు చేపలు బుట్టతో సహా మాయమైపోయాయి.

అవి మండవల్లి నుంచి స్నేహితుడు పెద్దింటయ్య పంపినవి. పాపారావుకి ముక్కు ఆపరేషనైందని తెలిసి, సగం అక్కడే ఎండబెట్టి, మిగతా సగం ఇక్కడ పెంటపాడులో ఎండబెట్టుకోమని చెప్పి మరీ బస్సులో వేయించాడు. పథ్యం పేరుతో చప్పిడి కూడు తింటూ, ఆ బుట్ట మీదే ప్రాణాలన్నీ పెట్టుకున్న మనిషికి ఒళ్ళు మండదూ మరి?

"ఎవడే ఆ దొంగవెధవ?" అంటూ మంచం మీంచి లేవబోయాడు పాపారావు.

"అయ్యో, గట్టిగా అరవకండీ!" సత్యవతి కంగారుగా భర్త భుజాలు పట్టుకుంది. "నిన్నటి సంగతి అప్పుడే మర్చిపోయారా?"

ఎలా మర్చిపోతాడు? ముక్కు దూలం వంకర సరిచేసి, లోపల రెండు పక్కలా ప్లాస్టిక్ బిళ్ళలు పెట్టి కుట్టి, ఇంటికి పంపేటప్పుడు ఏలూరు డాక్టరు గారు ఒకటికి రెండుసార్లు చెప్పారు. వారం రోజులు మాట్లాడకూడదు, నవ్వకూడదు. కానీ పరామర్శకి వచ్చినవాళ్ళు ఊరుకుంటారా? "మీరేం మాట్లాడకండి" అంటూనే ఆపరేషన్ కథంతా మొదట్నుంచీ చెప్పించుకున్నారు. పాపారావు అసలే వాగుడుకాయ. ఊపిరీ నోటితోనే, కథా నోటితోనే! పైగా యేసుదాసు ఏదో జోకు వేస్తే పకపకా నవ్వాడు. అంతే, బొటబొటా రక్తం. మళ్ళీ ఏలూరు పరుగెత్తారు. "ఇంకోసారి ఇలా అయితే మళ్ళీ కొయ్యాల్సిందే" అన్నారు డాక్టరు గారు. తిరిగొచ్చే దారి పొడవునా సత్యవతి కళ్ళు తుడుచుకుంటూనే ఉంది.

ఆ తెల్లారే బుట్ట పోయింది.

పాపారావు మందుల చీటీ వెనక్కి తిప్పి పెన్ను అందుకున్నాడు. నోరు మూసుకోమన్నారు గానీ, బుర్ర మూసుకోమనలేదు కదా!

ముందుగా పక్కింటి యేసుదాసు వచ్చాడు. వస్తే గంటకి తక్కువ కాకుండా కూర్చునే మనిషి, గుమ్మం దాటి రెండడుగులు వేసి ఆగిపోయాడు. భుజం మీది కండువా తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. చూస్తుండగానే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ధైర్యంగా ఉండండి పాపారావు గారూ," అంటూ వచ్చిన దారినే వెనక్కి నడిచాడు. కాఫీ తాగి వెళ్ళమన్నా ఆగలేదు.

తప్పు చెయ్యనివాడు మొహమెందుకు దాచుకుంటాడు? చీటీ మీద మొదటి పేరు పడింది.

మధ్యాహ్నం తాడేపల్లిగూడెం నుంచి మరదలు దుర్గాభవాని బత్తాయిలు పట్టుకుని వచ్చింది. గదిలోకి వస్తూనే పైటచెంగు మొహానికి కప్పుకుని, కిటికీ తలుపులు రెండూ బార్లా తెరిచింది.

"తగ్గిపోతుందిలెండి బావగారూ," అంది గొంతు పట్టేసినట్టుగా. బత్తాయిలు బల్ల మీద పడేసి ఒక్క పరుగున వెళ్ళిపోయింది.

సొంత మరదలు కూడానా! చీటీ మీద రెండో పేరూ పడింది.

సొసైటీ వెంకట్రాజు గారు కరోనా నాటి మాస్కులు ఒకదాని మీద ఒకటి రెండు తగిలించుకుని, గుమ్మం బయట నుంచే దణ్ణం పెట్టి వెళ్ళిపోయారు. నాలుగో రోజుకి చీటీ మీద పదకొండు పేర్లయ్యాయి. ఐదో రోజు నుంచి ఒక్క పురుగు ఇంటికి రాలేదు.

మాట్లాడదామన్నా మనిషి లేక, తిని పడుకోవడమే పాపారావు పనైంది. ఊరంతా దొంగలే అయినప్పుడు, ఇంట్లో సత్యవతి ఒక్కతే నమ్మదగ్గ మనిషిలా కనిపించింది. పాపం, ఆయనకి గాలాడాలని తను హాల్లో పడుకుంటోంది. పైగా ఎన్నడూ లేనిది రోజూ రెండు మూరల మల్లెపూలు పెట్టుకుని మరీ గదిలోకి వస్తోంది. ఈ వయసులో ఇదేమిటే అని సైగ చేస్తే, ముసిముసిగా నవ్వి ఊరుకుంది. ఆయనకి భలే ముచ్చటేసింది.

వారం తిరిగాక ఏలూరులో బిళ్ళలు తీసేశారు.

"బ్రహ్మాండంగా మానింది," అన్నారు డాక్టరు గారు. "ఇంత బుద్ధిగా నోరు మూసుకున్న పేషెంటుని నేను చూళ్ళేదండీ!"

ఇంటికి రాగానే పాపారావు జేబులోంచి చీటీ తీశాడు. "రేపు పొద్దున్నే పదకొండు మందినీ పిలిచి కడిగేస్తాను చూడు," అంటూ గదిలోకి అడుగుపెట్టి, ఎన్నో ఏళ్ళ తర్వాత రొమ్ము నిండా గాలి పీల్చాడు.

పీల్చినంత వేగంగానూ హాల్లోకి వచ్చి పడ్డాడు. చేతిలో ఉన్న చీటీనే మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. కళ్ళమ్మట బొటబొటా నీళ్ళు. అలాగే గుమ్మంలోంచి వంగి చూస్తే, మంచం కింద, ట్రంకుపెట్టె వెనకాల, తడి గోనెసంచి కప్పుకుని పెద్దింటయ్య బుట్ట!

"సత్యవతీ! ఇదిక్కడ..."

"నేనే పెట్టానండీ," అంది సత్యవతి. "రావొద్దంటే మానతారా ఎవరైనా? అందుకే రోజూ కాసిని నీళ్ళు కూడా చల్లాను. చేపలదేముంది, పెద్దింటయ్య అన్నయ్య గారు మళ్ళీ పంపిస్తారు. మిమ్మల్ని మళ్ళీ కోస్తానంటే మాత్రం నేను తట్టుకోలేనండీ."

పాపారావు చీటీ మీది పదకొండు పేర్లూ పైనుంచి కిందకి చదువుకున్నాడు.

"అది సరేనే. ఇంతమందిలో ఒక్కరైనా, వాసనొస్తోందని నాతో అనలేదేం?"

"మర్యాదస్తులు కదండీ పాపం! అది మీ ముక్కులోంచే వస్తోందనుకున్నారు."