పాత కేబుళ్లు

పరదేశంలో, ట్రుగనీనా అనే పేటలోని కంప్యూటర్ విడిభాగాల షాపులో జశ్వంత్ ఒక పవర్ సప్లై డబ్బాను గుండెలకు హత్తుకుని నిలబడ్డాడు.

వెయ్యి వాట్లది. షాపులో అదొక్కటే మిగిలింది.

ఫోన్లో అతని భార్య శ్రీలేఖ.

"దొరికిందా?"

"దొరికింది. ఈ సాయంత్రం కల్లా మెషీన్ రెడీ."

"నా బొమ్మలు జాగ్రత్త. రెండేండ్ల పని ఆ డిస్కులల్లనే ఉంది. సోమవారం చానల్ వాళ్లకు చూపించాలె. ఇంకోచోట కాపీ పెట్టమని ఎన్నిసార్లు చెప్పిన నీకు?"

"కొత్త మెషీన్ కాంగనే పెడ్త అన్న గదా. నాకు ఇడిసిపెట్టు."

శ్రీలేఖ పిల్లల కార్టూన్లు గీస్తుంది. ఆ బొమ్మలను కదిలించడానికి పెద్ద గ్రాఫిక్స్ కార్డు కొన్నారు. పాత పవర్ సప్లై దాన్ని మొయ్యలేక మాటిమాటికీ చతికిలపడుతోంది. ఆమెకది తలనొప్పి. కంప్యూటర్ విప్పడానికి సాకు దొరికితే చాలనుకునే జశ్వంత్‌కు మాత్రం పండగ.

ఫోన్ పెట్టేయగానే పక్కనుంచి ఎవరో పలకరించారు.

"తెలుగువాడివా బాబూ?"

తిరిగి చూశాడు. ఒంటిమీద గోడౌన్ పనివాళ్లు వేసుకునే నారింజరంగు జాకెట్. కాళ్లకు అరిగిపోయిన రబ్బరు చెప్పులు. వయసు అరవై దాటి ఉంటుంది.

"అవునంకుల్. మీరు?"

"జైప్రకాష్. మాది ఫిజీ. మా తాత విశాఖపట్నం దగ్గరనించి ఓడ ఎక్కినాడు. నా తెలుగుకు తుప్పు పట్టింది, ఏమనుకోకు."

జశ్వంత్‌కు ముచ్చటేసింది. ముచ్చటేసిన మనిషికి పాఠం చెప్పకుండా ఉండడం అతనివల్ల కాదు.

"పవర్ సప్లై తీసుకుందామని వచ్చిండ్రా అంకుల్?"

"ఊరికే, చూద్దామని."

ఇంకేముంది, మొదలుపెట్టాడు. డబ్బా మీది బంగారు రంగు స్టిక్కర్ చూసి మోసపోవద్దన్నాడు. గ్రాఫిక్స్ కార్డు ఉన్నట్టుండి రెట్టింపు కరెంటు లాగుతుంది, దానికి తట్టుకునేది చూసుకోవాలన్నాడు. కంపెనీ ఎన్నేళ్లు గ్యారంటీ ఇస్తుందో అదే దాని అసలు మార్కుల లిస్టు అన్నాడు.

పెద్దాయన పది నిమిషాలూ బుద్ధిగా విన్నాడు.

"ఇదంతా నీకు ఎవరు చెప్పినారు?"

"వోల్ట్‌మీటర్ అనే పేరుతోటి ఒకాయన ఇంటర్నెట్‌ల రాస్తడు అంకుల్. అసలు పేరు ఎవ్వరికీ తెల్వదు. పవర్ సప్లైలు విప్పి, కొలిచి, ఉన్నది ఉన్నట్టు రాస్తడు. జర్మనీల పెద్ద ల్యాబ్ ఉన్న మనిషనుకుంట."

"సరే గానీ, ఇంట్లో పాతదాని కేబుళ్లు ఏం చేస్తావు?"

"అవే ఉంచుత. రెండూ ఒకటే కంపెనీ. జడ అల్లినట్టు కట్టిన అంకుల్, నాలుగు గంటలు పట్టింది. పాత డబ్బా ఊడదీసి, అవే కేబుళ్లకు కొత్తది తగిలిస్తే అయిపాయె."

ఆయన ముఖం మారిపోయింది.

"వద్దు బాబూ. కొత్త డబ్బాలో వచ్చినవే వాడు. ప్లగ్గు ఒకేలా ఉంటాది, సరిగ్గా దిగుతాది. లోపల వైర్ల వరస వేరేగా ఉంటాది. స్విచ్ వేస్తే డిస్కులు మాడిపోతాయి."

"ఒకటే కంపెనీ అయితే ఏం కాదని వోల్ట్‌మీటరే రాసిండు."

"తప్పు రాసినాడు."

జశ్వంత్‌కు చుర్రుమంది. ఇంట్లోవాళ్లను అన్నా ఊరుకునేవాడేమో.

"ఆయన వెయ్యి పవర్ సప్లైలు విప్పిండు అంకుల్. మీరెన్ని విప్పిండ్రు?"

పెద్దాయన ఏదో అనబోయాడు. జశ్వంత్ అననివ్వలేదు.

"నాతోని అన్నరు గాబట్టి సరిపోయింది. ఇంకెవరితోనన్నా అనకుండ్రి, నవ్వుతరు."

కౌంటర్ దగ్గర డబ్బు కట్టి బయటపడ్డాడు. కారు కదిలాక అద్దంలో చూస్తే జైప్రకాష్ చేతులూపుతూ పార్కింగ్ అంతా పరిగెత్తుకొస్తున్నాడు. పాపం అంకుల్‌కు తెలుగు మాట్లాడే మనిషి దొరకడం లేదనుకుని, జశ్వంత్ కిటికీలోంచి టాటా చెప్పి టార్నీట్‌లోని ఇంటి దారి పట్టాడు.

గంటలో పని పూర్తయింది. పాత కేబుళ్లు కొత్త డబ్బాలో ఠక్కున దిగాయి. అల్లిక చెక్కుచెదరలేదు. జశ్వంత్ ఒకటికి రెండుసార్లు చూసుకుని మురిసిపోయాడు.

శ్రీలేఖ టీ కప్పుతో వచ్చి పక్కన కూర్చుంది. అతను గోడమీది స్విచ్ మీద వేలు పెట్టి, షాపులో అంకుల్ సంగతి నవ్వుతూ చెప్పాడు.

ఆమె నవ్వలేదు.

"డిస్కులు మాడిపోతయని అన్నడా?"

"అన్నడు. వోల్ట్‌మీటర్ కన్న ఈయనకే ఎక్కువ తెలిసినట్టు."

"స్విచ్ మీదికెళ్లి చెయ్యి తియ్యి."

"అరే, ఆయన రాసిండే. నేను చాన సార్లు చదివిన."

"ఏడ రాసిండో చూపెట్టు."

ఇప్పుడే నోరు మూయిస్తానన్నట్టు జశ్వంత్ ఫోన్ తీసి ఆ పేజీ తెరిచాడు. తనకు కంఠతా వచ్చిన ఆ వాక్యం మీద అడ్డంగా ఎర్రగీత కొట్టి ఉంది. పాత కేబుళ్లు ఎవరూ వాడొద్దని పక్కనే ఇంగ్లిష్‌లో రాసి ఉంది. రాసి అరగంట కూడా కాలేదు.

జశ్వంత్ చేయి దానంతటదే స్విచ్ మీంచి జారిపోయింది.

"కింద ఇంకేందో ఉంది చూడు," అని శ్రీలేఖ ఫోన్ లాక్కుంది.

ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు మాటలు కూడబలుక్కుంటూ ఆమె పైకి చదివింది: "బాబూ, తప్పు రాసినాను, ఇప్పుడు దిద్దినాను, షాపులో నా మాట నమ్మలేదు కదా, నా రాతైనా నమ్ము, స్విచ్ వెయ్యకు."