సుంకమ్మ వంతు నీళ్ళు

కొత్తగా వచ్చిన పిల్ల ఠక్కున ముక్కు మూసుకుంది.

తల తిప్పి చూడకుండానే హిల్డాకు అర్థమైంది. సుంకమ్మ వచ్చింది.

2003 మే నెల. గుత్తి దగ్గరి పల్లెలో, బడి వరండాలో స్వాగత సభ. హాలండ్ నుంచి ముగ్గురు కొత్త వాలంటీర్లు ఆ పొద్దున్నే గుంతకల్లులో రైలు దిగారు. ఇద్దరు అమ్మాయిలు, ఒక అబ్బాయి. హిల్డాదీ ఆ దేశమే. తొమ్మిదేళ్ళ కిందట రెండేళ్ళ కోసమని వచ్చి ఉండిపోయింది. ఇంకో పది రోజుల్లో ఊరిని వీళ్ళకు అప్పగించి వెళ్ళిపోవాలి.

వీళ్ళకా! ఇలాంటి మొహాలను ఆమె చాలా చూసింది. మేకపిల్లలను ఎత్తుకుని ఫొటోలు దిగుతారు. నెల తిరగకముందే కడుపునొప్పి అని రైలెక్కుతారు. సేవట సేవ!

హిల్డా అలా కాదు. తొమ్మిదేళ్ళూ ఇల్లిల్లూ తిరిగి శుభ్రత నేర్పింది. చేతులు కడుక్కోండి, రోజూ స్నానం చేయండి, ఉతికిన బట్ట కట్టండి.

ఊరంతా నేర్చుకుంది, సుంకమ్మ తప్ప.

ఒంటరి ముసలామె. అట్టకట్టిన జుట్టు, చెమట ఎండి తెల్లచారలు పడిన రవిక. మొదట్లో ఇంత అధ్వానం కాదు, మూడేళ్ళుగా ఇలా తయారైంది. పక్కన ఎవరూ కూర్చోలేరు. వెళ్ళేలోపు ఈ ఒక్క మనిషి ఒంటి మీద నీళ్ళు పడితే చాలు, తన తొమ్మిదేళ్ళూ దండగ కాలేదనుకుని వెళ్ళిపోవచ్చని హిల్డా ఆశ.

"ఏం సుంకమ్మా, ఈ పొద్దన్నా నీళ్ళు పోసుకుంటివా?" హిల్డా మాట అచ్చం ఆ ఊరి మాటే.

"రేపు పోసుకుంటాలేమ్మా."

"రేపు రేపు అని మూడేండ్లాయ. సిగ్గుండల్ల మనిషికి!"

ఆడవాళ్ళందరూ తలలు దించుకున్నారు. సుంకమ్మ పొరుగింటి మారెక్క ఏదో చెప్పబోయింది. సుంకమ్మ ఆమె మోకాలు గట్టిగా నొక్కింది.

"ఆ తట్టు పోయి కూచో. కొత్తోళ్ళ ముందర నా పరువు తీస్తాండావు."

సుంకమ్మ లేచింది. కొంగుముడి విప్పి గుప్పెడు శెనక్కాయలు గట్టు మీద పెట్టింది.

"పిల్లోళ్ళు దూరం నుంచి వచ్చినారు, తిననీ" అని ఎండలోకి నడిచింది.

ఆ శెనక్కాయలను ఎవరూ ముట్టలేదు.

"ఈ కంపును ఎలా భరించావు?" కొత్త పిల్ల తమ భాషలో అడిగింది.

"కొందరు మారరు" అంది హిల్డా.

మర్నాడు తెల్లారకముందే హిల్డా పక్క పల్లెలకు వెళ్ళి, మిట్టమధ్యాహ్నం తిరిగొచ్చింది. కొత్తవాళ్ళు కూడా దిగిన తన ఇంటి ముందు వీధిలో నీళ్ళు పారుతున్నాయి. తొమ్మిదింటికి లేచిన ముగ్గురూ షాంపూలతో తలంట్లు పోసుకుని, జీన్సు ప్యాంట్లు ఉతికి దండెం మీద ఆరేశారు. పెరట్లోని డ్రమ్ము ఖాళీ.

"ఛీ! ఊరి బోరు ఎండి మూడేళ్ళైంది. ట్యాంకరు నీళ్ళతో బతుకుతున్నారు వీళ్ళు. బుద్ధుందా మీకు?"

"రేపు మళ్ళీ నింపుతారుగా?" అన్నాడు అబ్బాయి తల తుడుచుకుంటూ.

హిల్డా ఖాళీ డ్రమ్ము వైపు చూసింది. తానూ ఏ రోజూ అంతకంటే ఆలోచించలేదు. బోరు ఎండినప్పుడు సంస్థ ఆఫీసుకు చీటీ రాసింది. అప్పటినుంచి, పల్లెలు తిరిగి వచ్చేసరికి డ్రమ్ములో నీళ్ళుంటాయి. ఆఫీసు ట్రాక్టరు పోసిపోతుంది, అంతే.

అప్పుడే మారెక్క ఖాళీ బిందెతో పెరట్లోకి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అక్కా, సుంకమ్మ సచ్చిపాయ. పొద్దున నీళ్ళు మోసి, ఇంటికి పోయి గడపలోనే కూలబడింది. లేపితే లేయలేదు."

నిన్న తాను అన్న మాటలు హిల్డా చెవుల్లో గింగురుమన్నాయి.

"నీళ్ళు పోసి ఎత్తల్ల. ఒక బిందెడు ఇయ్యక్కా."

బతికినన్నాళ్ళు పోసుకోనిది ఇప్పుడెందుకు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. థూ, ఏం మనిషినయ్యాను అనుకుంది హిల్డా.

"ఈడ చుక్క లేదు మారెక్కా. వీళ్ళు అన్నీ పారబోసినారు. ఇంగెవురింట్లోనన్నా అడుగు."

"ఇంగోరి నీళ్ళు పనికిరావక్కా. పోయినోళ్ళకు వాళ్ళింటి నీళ్ళే పోయల్ల. అది మా పద్ధతి."

"మరి సుంకమ్మ ఇంట్లోనే తీసుకో. నా కాడికి ఎందుకొస్తివి?"

మారెక్క డ్రమ్ములోకి వంగి చూసింది. అడుగున ఇంత సబ్బు నురగ.

"ఆమె ఇంట్లో యాడుంటాయక్కా? ట్యాంకరు కాడ రేషన్ కార్డుకు దినానికి నాలుగు బిందెలు. నీకు కార్డే లేకపాయ, ఇంగ వంతు యాడిది? ఆపీసు ట్రాక్టరు రెండు దినాలొచ్చి నిలిచిపాయ."

"నిలిచిపాయనా? మరి దినమూ ఈ నీళ్ళు..."

"తాగేదానికి ఒక బిందె పెట్టుకోని మూడు బిందెలు ఈడికే మోస్తాండె. తెలిస్తే వద్దంటావు, నీళ్ళు లేని ఊరని ఎళ్ళిపోతావు, చెప్పొద్దని మా అందరికాడా ఒట్టేయించుకున్నాది."

మారెక్క ఖాళీ బిందెను చంకకెత్తుకుంది.

"మూడేండ్లుగా నువ్వు పోసుకుంటాండేది సుంకమ్మ స్నానం నీళ్ళేనక్కా."